రెనాంతె ఇక ఎవరితో తలపడాలి

మా మరిది రెనాంతె మూడోసారి బాక్సింగ్ బెల్టు నిలబెట్టుకున్న ఆదివారం నేను తెల్లవారకముందే లేచి మా ఆయనకు స్నానం చేయించాను. మామూలు రోజుల్లోనే అది గంట పని. ఆ రోజు గంటన్నర పట్టింది. ముందురోజు ఎవరో వాకిట్లోంచి "రేపే మనోడి పోరు" అని కేకేసి పోయారు. ఆ మాట ఆయన బుర్రలో ఎక్కడో తగులుకుంది. నీళ్ళు పోస్తుంటే పిడికిళ్ళు బిగించి, తల అటూ ఇటూ వంచి నా చెంబును తప్పించుకోవడం మొదలుపెట్టాడు.

మా ఆయన ఎలాదియో లపినిద్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పాతికేళ్ళ కిందట మా కంబాల్ నుంచి మాసిన్ పట్టణం దాకా ఆ పేరు తెలియని మనిషి లేడు. నలభై ఒక్కసారి రింగులోకి దిగాడు. జపాన్ మూడుసార్లు వెళ్ళాడు. ఆఖరిసారి ఒసాకాలో ఏడో రౌండులో పడి, లేచి, మళ్ళీ పడ్డాడు. అప్పటికి ముప్పై ఒకటి. తండ్రి లేని తమ్ముడికి, ఎండుకొబ్బరి నిలవ చేసే షెడ్డులో గోనెసంచిలో ఇసుక నింపి వేలాడదీసి, కొట్టడం నేర్పింది ఆయనే. ఇప్పుడాయనకు నలభై తొమ్మిది. చొక్కా బొత్తాలు నేను పెట్టాలి. అన్నం నేను కలిపి పెట్టాలి. పదకొండేళ్ళుగా ఇదే నా పని.

పోరు అమెరికాలో శనివారం రాత్రి, మాకు ఫిలిప్పీన్స్‌లో ఆదివారం పొద్దెక్కాక. పాదిరిగారు పూజను గంట ముందుకు జరిపి, ప్రసంగం ఐదు నిమిషాల్లో ముగించి, అందరికన్నా ముందు ఆయనే బాస్కెట్‌బాల్ ఆడే రేకుల షెడ్డు వైపు నడిచారు. అక్కడ పెద్ద తెర కట్టారు. ఊరంతా అక్కడే ఉంది. ఎలాదియోను ముందు వరసలో కూర్చోబెట్టారు. చొంగ కారుతుందని నేను ఆయన మెడకు తువ్వాలు కట్టి, పక్కనే నిలబడ్డాను.

అవతలివాడు పనామా మనిషి, గట్టివాడు. ఎనిమిది రౌండ్లు రెనాంతె వాణ్ణి ఆడించాడు. తొమ్మిదో రౌండులో వాడి కుడిచెయ్యి చుట్టూ తిరిగొచ్చి రెనాంతె కణత మీద పడింది. రెనాంతె పడలేదు. కానీ ఆ తర్వాత రెండు రౌండ్లు వాడు పోరాడిన తీరు నాకు తెలుసు. ఆ చేతులు వాటంతటవే ఆడుతున్నాయి, మనిషి లోపల లేడు. పదకొండో రౌండులో ఆ చేతులే పనామావాణ్ణి పడగొట్టాయి.

ఊరు ఊగిపోయింది. కుర్చీలు పైకి లేచాయి. కప్తాన్ ఓస్ముందో, అంటే మా ఊరి పెద్ద, ఏడుస్తూ పాదిరిగారిని కావలించుకున్నాడు. తెర మీద ఎవరో రెనాంతె నోటి దగ్గర మైకు పెట్టారు. వాడు మా భాషలో అన్నాడు:

"అమ్మకి చెప్పండి, వచ్చేస్తన్నానని. అన్నం వండి ఉంచమనండి."

మా అత్తగారు పోయి నాలుగేళ్ళయింది.

"చూశావా," అంది నా పక్కన చిల్లరకొట్టు సెర్హియా, చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకుంటూ. "అంత గెలుపులో కూడా చచ్చిపోయిన తల్లిని మర్చిపోలేదు. కొడుకంటే అలా ఉండాలి."

అందరూ అలాగే అనుకున్నారు. నేను మాత్రం ఎలాదియో మెడకున్న తువ్వాలు సర్ది, మళ్ళీ తెర వైపు చూడలేదు.

మధ్యాహ్నానికి పందిని కాల్చడం పూర్తయింది. ఎర్రటి కొబ్బరికల్లు గ్యాలన్ డబ్బాల్లో వచ్చింది. నేనూ మరో నలుగురు ఆడవాళ్ళూ కొబ్బరాకు పొట్లాల్లో ఉడికిన అన్నం విప్పి పెడుతున్నాం. మగవాళ్ళు బల్ల చుట్టూ చేరి అసలు పని మొదలుపెట్టారు. అదే, రెనాంతె ఇక ఎవరితో తలపడాలి అన్నది తేల్చడం.

"జపాను వాడే. ఇంకో మాట లేదు," అన్నాడు మంగలి బెర్తుల్ఫో. "ఇరవై మూడు పోర్లు, ఒక్కటీ ఓడలేదు. వాణ్ణి కొడితేనే మనోడి పేరు నిలిచేది."

"నీకు కత్తెర తప్ప ఏం తెలుసురా," అన్నాడు కప్తాన్. "వాడి చెయ్యి మనోడి చెయ్యి కన్నా జానెడు పొడుగు. ముందు ఆ ఇంగ్లీషువాణ్ణి పట్టాలి. ఒక్కటి తగిలితే కాళ్ళు పీచైపోతాయి వాడికి."

"ఇంగ్లీషువాడా? వాణ్ణి మా అత్త కొడుతుంది."

"అయితే మీ అత్తనడిగి చెప్పు, మార్చిలో తీరికేనా అని."

అందరూ నవ్వారు. సెర్హియా ఎంగిలి చెయ్యి పైకెత్తి, "మెక్సికోలో ఒక ఎడమచేతివాడున్నాడుగా, వాడి సంగతేంటి?" అంది.

"వాడి పనైపోయింది సెర్హియా, ముసలాడైపోయాడు."

"ఎంత ముసలాడు?"

"ముప్పై నాలుగు."

"మరి మనోడికీ ముప్పై నాలుగేగా."

"మనోడి సంగతి వేరు," అన్నాడు బెర్తుల్ఫో, గ్లాసు నింపుకుంటూ.

అప్పుడు ఎలాదియో తల ఎత్తాడు. రోజుల తరబడి మాట్లాడని మనిషి, స్పష్టంగానే అన్నాడు: "సోమవారం నించి పరుగు మొదలెడతా. జపానువాడు ఎడమవైపు తిరుగుతాడు. నాకు తెలుసు వాడి సంగతి."

బెర్తుల్ఫో మంచివాడు. ప్రతి శనివారం మా ఇంటికొచ్చి ఎలాదియోకు గడ్డం గీసి, ఏమీ పుచ్చుకోకుండా పోతాడు. అతనే లేచి వచ్చి, పెద్దన్నను పిలిచినట్టు మానొంగ్ అంటూ మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "వెళ్దువుగాని మానొంగ్. నువ్వు కాకపోతే ఎవరెళ్తారు." అందరూ చప్పట్లు కొట్టారు. ఎలాదియో ఒక్కొక్కరి మొహం చూస్తూ నవ్వాడు.

నాకు ఎవరి మీదా కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే షెడ్డులో, అప్పుడింకా రేకులు వెయ్యలేదు, ఇదే బెర్తుల్ఫో నల్లటి జుట్టుతో "ఒసాకా, ఇంకో మాట లేదు" అన్నాడు. ఇదే ఓస్ముందో వద్దు, మనీలాలో ఇంకొకటి పెట్టుకుని అప్పుడు వెళ్ళాలన్నాడు. నేను వెనిగర్‌లో నానేసిన చేపముక్కల గిన్నె పట్టుకుని నిలబడి ఉంటే, "నువ్వు చెప్పు నిలా, పెళ్ళానివి" అన్నారు. నేను ఒసాకా అన్నాను. ఎప్పుడూ సముద్రం దాటని దాన్ని, నాకు ఒసాకా అనే పేరు నచ్చింది.

పది రోజుల తర్వాత రెనాంతె ఊళ్ళోకి వచ్చాడు. లారీ మీద నిలబెట్టి, డప్పులతో తీరం వెంట ఊరేగించారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చెయ్యి ఊపుతూనే ఉన్నాడు గాని, డప్పు మోగినప్పుడల్లా దవడ బిగుసుకోవడం నేను కింద నుంచి చూశాను. షెడ్డులో విందు. ఉపన్యాసాలు. కప్తాన్ మాట్లాడుతుండగా మూత్రానికని లేచినవాడు మళ్ళీ అటు వెళ్ళలేదు. వెనక దారిన మా వంటింట్లోకి వచ్చి, ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. వదిననైన నన్ను మానంగ్ అనే పిలుస్తాడు.

"మానంగ్, మునగాకు పులుసు ఉందా? ఆ పంది మాంసం తినలేకపోతన్నా."

"ఉంది. పొద్దుటిది. వెచ్చబెడతా ఉండు."

"మానొంగ్ ఏడి?"

"లోపల నిద్దరోతున్నాడు. ఆ డప్పులకి బెదిరిపోతే మాత్రేసి పడుకోబెట్టా."

కళ్ళద్దాలు తీశాడు. ఎడమ కనుబొమ్మ మీద కుట్లు ఇంకా నల్లగా ఉన్నాయి. షెడ్డు దగ్గర కొళాయి మళ్ళీ పాడైందనీ, ఎవరి పడవో గాలివానకు విరిగిందనీ, ఊరి కబుర్లు చెబుతూ నేను పులుసు వెచ్చబెట్టాను. వాడు ఊఁ కొడుతున్నాడు. గిన్నె చేతికిచ్చాను. రెండు గరిటెలు తాగి తల ఎత్తాడు.

"మానొంగ్ ఏడి? కనబడ్డేంటి?"

పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. మా ఆయన విషయంలోనూ అలాగే మొదలైంది. మొదట ఒకే ప్రశ్న రెండుసార్లు. పరధ్యానం అనుకున్నాను. ఆ ఏడాదంతా అలాగే అనుకున్నాను.

"నిద్దరోతున్నాడు," అన్నాను. "నాంతె, ఆ రోజు మైకులో ఏమన్నావో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"అమ్మని అన్నం వండమన్నావు."

"వీడియోలో చూశా. అందరూ పంపారు. నాకు నేను అన్నట్టు గుర్తులేదు మానంగ్. తొమ్మిదో రౌండు తర్వాత హోటల్లో బాత్రూమ్ నేల మీద కూచున్నదే గుర్తు. మధ్యలో ఏం లేదు."

"ఎవరికైనా చెప్పావా?"

"చెబితే ఏమవుద్దో తెలుసుగా. లైసెన్సు పోద్ది." గిన్నె కింద పెట్టాడు. "ఇంకొక్కటే. జపానువాడితో. మార్చిలో. కాగితం మీద సంతకం పెట్టలేదు గాని మాటయితే ఇచ్చా. ఆ ఒక్కటీ అయిపోతే మానేస్తా."

"మీ అన్న కూడా ఇంకొక్కటే అన్నాడు. నాలుగుసార్లు అన్నాడు."

"నేను మానొంగ్‌ని కాదు కదా."

షెడ్డులోంచి వాడి పేరు పెట్టి అరుస్తున్నారు. తర్వాత జపానువాడి పేరు, ఆ తర్వాత ఇంగ్లీషువాడి పేరు. రెండు జట్లుగా విడిపోయి అరుస్తున్నట్టుంది.

నాకు ఉపన్యాసాలు రావు. ఏడుద్దామన్నా రాలేదు. నేను అన్నది ఇంతే: "నాంతె, నేను ఒక్కణ్ణి చూసుకుంటున్నాను. రెండోవాణ్ణి చూసుకునే ఓపిక నాకు లేదు. నీకు పెళ్ళీ లేదు, అమ్మా లేదు. మంచాన పడితే ఈ గుమ్మంలోకే తెస్తారు నిన్ను. తెస్తే నేను కాదనలేను. అందుకే ముందే చెప్తున్నా, నా వల్ల కాదు."

వాడు నొచ్చుకున్నాడు. లేచి నిలబడ్డాడు. "బెల్టు గెల్చి ఇంటికొస్తే ఇదా మాట," అన్నాడు.

"ఇదే మాట. ఇంకోటి అడుగుతా. రేపు నేను మాసిన్ వెళ్ళాలి, మందులకీ బజారుకీ. పొద్దున్న మొదటి బస్సుకి వెళ్తే సాయంత్రం వస్తా. రేపొక్క రోజు మీ అన్నతో నువ్వుండు."

"ఓస్, అంతేనా," అన్నాడు.

మాసిన్‌లో పని మధ్యాహ్నానికే అయిపోయింది. నేను వెంటనే తిరిగి రాలేదు. రేవు దగ్గర బల్ల మీద కూర్చున్నాను. ఎవరి నోరూ తుడవక్కర్లేకుండా ఒక మనిషి ఊరికే కూర్చోవచ్చన్న సంగతే మర్చిపోయాను. అక్కడే తల వాల్చి కునుకు తీశాను. ఎండ మొహం మీదికి వస్తే లేచి సాయంత్రం బస్సు ఎక్కాను.

ఇంటికి వచ్చేసరికి ఎలాదియో శుభ్రమైన చొక్కాలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. బొత్తాలు ఒక కాజా బదులు ఇంకొక కాజాలో దూరి ఉన్నాయి. తీగ మీద మూడు దుప్పట్లు తడిగా వేలాడుతున్నాయి. రెనాంతె వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు. పెదవి చిట్లింది.

"కొట్టాడా?" అన్నాను.

"స్నానం చేయిస్తుంటే. ఎడమచెయ్యి. ఇంకా గట్టిగానే ఉంది మానంగ్." నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "పొద్దున్నించీ ఒకటే అడుగుతున్నాడు. ఒసాకాలో గెలిచానా అని. మొదటిసారి నిజం చెప్పా. ఓడిపోయావు మానొంగ్, చాలా రోజులైంది అని. ఏడ్చాడు. అప్పుడే తెలిసినట్టు ఏడ్చాడు. పావుగంట తర్వాత మళ్ళీ అడిగాడు."

"ఏం చెప్పావు?"

"గెలిచావన్నా. ఇంక అప్పట్నించి గెలిచావనే చెప్తన్నా. నలభైసార్లు చెప్పుంటా." అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "నువ్వేం చెప్తావు?"

"నేనూ గెలిచాడనే చెప్తా."

నేను సంచి లోపల పెట్టి దుప్పట్లు మళ్ళీ పిండి ఆరేస్తుంటే వాడొచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా సెబూ నగరానికి వెళ్ళే ఓడ ఎక్కాడు. అక్కడ ఒక ఆస్పత్రిలో తల ఫోటోలు తీయించుకున్నాడు. వారం తర్వాత నాకు ఫోన్ చేశాడు. "మచ్చలున్నాయంట మానంగ్. ఇప్పుడాపితే ఇలాగే ఉండొచ్చంట. ఉండకపోనూ వచ్చంట. డాక్టరు ఒట్టేసి చెప్పలేనన్నాడు." ఆ పైన, "జపానువాళ్ళకి రానని చెప్పేశా," అన్నాడు. నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక పీట మీద కూర్చున్నాను. పొయ్యి మీద పెసలు మాడి వాసన వచ్చేదాకా లేవలేదు.

బెల్టు వదిలేస్తున్నాడన్న వార్త రేడియోలో రాగానే కప్తాన్ ఓస్ముందో మా వాకిట్లోకి వచ్చాడు. వెనక బెర్తుల్ఫో.

"ఏం నూరిపోశావు నిలా వాడికి?"

"ఏం నూరిపోయలేదు. వాళ్ళ అన్నతో ఒక రోజు ఉండమన్నాను."

"ఊరికి ఒక్కడు పుడతాడు అలాంటివాడు. యాభై ఏళ్ళకి ఒక్కడు. మన పేరు ప్రపంచమంతా చెప్పుకుంటుంటే..."

"కప్తాన్, లోపలికి రండి," అన్నాను. "ఎలాదియో మెలకువగానే ఉన్నాడు. ఆయన పేరు కూడా చెప్పుకున్నారుగా. వచ్చి కాసేపు కూర్చోండి."

అతను రాలేదు. గుమ్మం దాకా చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. బెర్తుల్ఫో ఆ శనివారం గడ్డం గీయడానికి రాలేదు. పై శనివారమూ రాలేదు. సెర్హియా కొట్టులో నన్ను చూస్తే మాటలు ఆగిపోయేవి. ఉప్పు అడిగితే ఉప్పు మాత్రం ఇచ్చేది. ఓర్వలేనిదాన్నని, నా మొగుడు ఎక్కలేని మెట్టు మరిది ఎక్కాడని కుళ్ళుకున్నానని అన్నారట. అనుకోనీ అనుకున్నాను. ఇంటి నిండా పని ఉన్నవాళ్ళకు ఊరి మాటలు వినే తీరిక ఉండదు.

మూడు వారాలు గడిచేసరికి వాళ్ళే మర్చిపోయారు. ఖాళీ అయిన బెల్టు కోసం జపానువాడూ ఇంగ్లీషువాడూ తలపడతారని తెలిసింది. ఇంక కొట్టు ముందు పొద్దస్తమానం అదే గొడవ. బెర్తుల్ఫో జపాను జట్టు, కప్తాన్ ఇంగ్లీషు జట్టు. పక్క ఊరు మలిత్బోగ్ నుంచి పంతొమ్మిదేళ్ళవాడొకడు మనీలాలో ఇద్దర్ని వరసగా పడగొట్టాడని కూడా విన్నాను. వాడు ఎవరితో తలపడాలో అప్పటికే తేల్చేస్తున్నారు.

రెనాంతె సెబూ నుంచి తిరిగొచ్చి మా ఇంటి పక్కన వాళ్ళమ్మ ఉండిన గదిలోనే దిగాడు. వలలకు వెళ్తున్నాడు. కొన్ని రోజులు బాగానే ఉంటాడు. కొన్ని రోజులు తలనొప్పితో కిటికీ మూసుకుని పడుకుంటాడు. ఒకసారి పడవ దాకా వెళ్ళి, తిరిగొచ్చి ఎందుకెళ్ళానని నన్నడిగాడు. చెప్పాను. రోజు విడిచి రోజు వాళ్ళ అన్నకు స్నానం చేయిస్తాడు. ఎలాదియో వాణ్ణి ఒక్కోసారి తమ్ముడనుకుంటాడు, ఒక్కోసారి రిఫరీ అనుకుంటాడు. రిఫరీ అనుకున్న రోజున చెప్పిన మాట బాగా వింటాడు.

ఏప్రిల్‌లో వాడే అన్నాడు: "సురిగావ్‌లో మీ అక్క ఉంది కదా. ఎప్పుడు చూశావు ఆవిడ్ని?"

"ఆవిడ కూతురి పెళ్ళికి వెళ్ళలేకపోయా. ఆ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు."

"వెళ్ళిరా. నాలుగు రోజులు ఉండిరా. నేనున్నాగా."

మందుల పేర్లు, వేళలు గోడ మీద బొగ్గుతో రాశాను, వాడు మర్చిపోతే చూసుకోవడానికి. సెర్హియాకు ఒక మాట చెప్పి, పూటకోసారి అటు తొంగి చూడమన్నాను. ఆవిడ కాసేపు బింకంగా నిలబడి, "చూస్తాలే, వెళ్ళు," అంది. ఎలాదియోకు వెళ్ళొస్తానని చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఎడమచెయ్యి కిందికి దించకు," అని జాగ్రత్త చెప్పాడు.

లిలోవాన్ రేవులో సురిగావ్ పడవ ఎక్కాను. పక్క సీట్లో ఒక పెద్దమనిషి, ఎరువుల బస్తా కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఏ ఊరని అడిగాడు. కంబాల్ అన్నాను.

"రెనాంతె లపినిద్ ఊరా? అంత మంచి వయసులో అలా ఎందుకు వదిలేశాడంటారు? ఎవరో మందు పెట్టారని మావాళ్ళంటారు."

"మందేం లేదు. అలిసిపోయాడు."

"నిజంగానా?" ఆయన చాలా నిరాశపడ్డాడు. "నన్నడిగితే మాత్రం, ఆ జపానువాణ్ణి మనోడు ఆరు రౌండ్లలో పడగొట్టేవాడు. ఎలాగో చెప్తా వినండి. వాడు మొదటి మూడు రౌండ్లు..."

పడవ రేవు వదిలింది. ఇంజను మోతలో ఆయన మాటలు కొన్ని వినిపించాయి, కొన్ని వినిపించలేదు. నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మీద తల ఆనించాను. ఆయన నాలుగో రౌండులో ఉండగా నాకు నిద్ర పట్టేసింది. సురిగావ్ వచ్చిందని ఆయనే లేపాడు.